ఆఫ్‌లైన్ అని చూపే వస్తువు: లంకె ఎక్కడ తెగింది?

ఫోన్‌లో నొక్కితే వెలగాల్సిన బల్బు వెలగకపోయినా, మిద్దె మీది ట్యాంకు నిండినా మోటారు ఆగకపోయినా, గేటు దగ్గరి కెమెరా నల్లటి తెర తప్ప ఏమీ చూపకపోయినా యాప్ మనకు చెప్పేది ఒకే మాట: ‘డివైజ్ ఆఫ్‌లైన్’. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో కొత్తగా కట్టుకుంటున్న ఇళ్లలో ఈ వస్తువులు మామూలైపోయాయి. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఇంటి గేటును రోజూ కెమెరాలో చూసుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో కెమెరా ఆగిపోతే అది చిన్న అసౌకర్యంగా మిగలదు, మనసులో ఆందోళన మొదలవుతుంది. ఆ ఆందోళనలో చాలామంది చేసే మొదటి పని వస్తువును రీసెట్ చేయడం. దానివల్ల ఒక్కోసారి పని జరుగుతుంది కానీ, అసలు తెగిన చోటు ఏదో తెలిపే ఆనవాళ్లన్నీ రీసెట్‌తో పాటే చెరిగిపోతాయి, వారం తిరగకుండా అదే బాధ మళ్లీ వస్తుంది. లంకె ఎక్కడ తెగిందో ముందు కనుక్కొని ఆ తర్వాతే దేన్నయినా ముట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. అలా కనుక్కోవడానికి ఇంజనీరింగు చదువు అక్కరలేదు, ఓపిక చాలు.

ముందుగా ఆజ్ఞ ప్రయాణించే దారి తెలియాలి. బయట ఊరిలో ఉన్న మనిషి ఫోన్‌లో నొక్కిన ఆజ్ఞ మొబైల్ డేటా ద్వారా ఆ కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా మన వీధి ఫైబర్ కేబుల్‌కు, దాని చివర గోడకు తగిలించిన ఫైబర్ డబ్బాకు, దాని లోపలో పక్కనో ఉన్న రూటర్‌కు, రూటర్ నుంచి వైఫై ద్వారా బల్బులోని చిన్న చిప్‌కు వస్తుంది. ఈ దారిని తెరిచి ఉంచేది బల్బే. కరెంటు అందగానే అది రూటర్‌ను పట్టుకొని, సర్వర్‌తో సంబంధం పెట్టుకొని, ‘నేనున్నాను’ అని ఒక చిన్న సందేశాన్ని మాటిమాటికీ పంపుతూ ఉంటుంది. ఆ సందేశం కొంతసేపు రాకపోతే సర్వర్ దాన్ని ఆఫ్‌లైన్ అని గుర్తు పెడుతుంది. కాబట్టి యాప్‌లో కనిపించే ఆ మాటకు అర్థం ‘బల్బు చెడిపోయింది’ అని కాదు, ‘బల్బు పలుకు నాదాకా రావడం లేదు’ అని మాత్రమే.

మూడు ప్రశ్నలు

మొదటిది: ఆగింది ఒక్క వస్తువా, అన్నీనా? ఇంట్లోని అన్ని వస్తువులూ ఒకేసారి ఆఫ్‌లైన్ అయితే ఒక్కో బల్బునూ పరీక్షించడం వృథా శ్రమ. లోపం రూటర్‌లోనో, ఫైబర్‌లోనో, కంపెనీ సర్వర్‌లోనో ఉంటుంది. ఒకే కంపెనీ వస్తువులు మాత్రమే ఆగి, తక్కినవి పనిచేస్తుంటే సర్వర్ మీదే అనుమానం పెట్టుకోవాలి. ఒక్క వస్తువే ఆగితే దానికి అందే కరెంటు, అది ఉన్న చోటు, దానికి అందే సిగ్నల్ చూడాలి.

రెండవది: ఇంట్లో ఉన్నప్పుడు పనిచేస్తోందా, బయట ఉన్నప్పుడా? ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫైలో ఉండి ఒకసారి ప్రయత్నించాలి. తర్వాత వైఫై ఆపి మొబైల్ డేటాతో ఇంకోసారి ప్రయత్నించాలి. చాలా యాప్‌లు ఫోనూ వస్తువూ ఒకే వైఫైలో ఉన్నప్పుడు ఆజ్ఞను సర్వర్ దాకా పంపకుండా ఇంటి లోపలే నేరుగా అందించగలవు. ఇంట్లో పనిచేసి బయటి నుంచి పనిచేయకపోతే ఇంటర్నెట్ లంకె తెగినట్టు. బయటి నుంచి పనిచేసి ఇంట్లో మొరాయిస్తే, ఇది వినడానికి వింతగా ఉన్నా తరచుగా జరిగేదే, ఫోను ఒక నెట్‌వర్క్‌లోనూ వస్తువు మరొక నెట్‌వర్క్‌లోనూ ఉండవచ్చు. లేదా ఫోన్‌లో వీపీఎన్ (ఫోన్ నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే ఏర్పాటు) నడుస్తూ ఉండవచ్చు. లేదా చుట్టుపక్కల పరికరాలను వెతికే అనుమతిని ఆ యాప్‌కు మనమే నిరాకరించి ఉండవచ్చు. ఐఫోన్లలో ఈ అనుమతిని 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి విడిగా అడుగుతున్నారు.

మూడవది: ఎప్పుడు ఆగుతోంది? ఈ ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు, కానీ నా దృష్టిలో మూడింటిలోనూ విలువైనది ఇదే. కడపలో మా పెదనాన్న గారింట్లో గేటు కెమెరా రోజుకు ఒకటి రెండుసార్లు ఆగి, కాసేపటికి తనంతట తానే తిరిగి వచ్చేది. కెమెరా మార్చారు, రూటర్ జరిపారు, పాస్‌వర్డ్ మార్చారు, ఫలితం లేదు. ఆయన పాత పద్ధతి మనిషి. కెమెరా ఆగినప్పుడల్లా గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిలుతో టైము రాసిపెట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్ల తర్వాత ఆ గడులు చూసి పెద్దమ్మే చెప్పింది: ‘ఇవన్నీ నేను బోరు మోటారు వేసే టైములు కదా!’ కెమెరా అడాప్టరు, బోరు మోటారు ఒకే లైను మీద ఉన్నాయి. మోటారు బయలుదేరే క్షణంలో అది నడుస్తున్నప్పటి కంటే అనేక రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ లైనులో వోల్టేజి ఒక్క క్షణం పడిపోతుంది, పాతబడిన అడాప్టరు ఆ దెబ్బకు తట్టుకోలేక కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కెమెరాను ఇన్వర్టరు లైనుకు మార్పించాక ఆ ఇబ్బంది తీరింది. టైము రాసి ఉండకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

కరెంటు చేసే పని

మన ప్రాంతంలో ఈ సమస్యల్లో పెద్ద భాగం వైఫై కంటే ముందు కరెంటు దగ్గరే మొదలవుతుంది. ఎండాకాలపు సాయంత్రాల్లో గాలివాన వచ్చినప్పుడు కరెంటు ఒకేసారి పోకుండా, పోయి వచ్చి, పోయి వచ్చి, ఆ తర్వాత నిలబడుతుందన్నది అందరికీ తెలిసిందే. చాలా కంపెనీల స్మార్ట్ బల్బులకు విడిగా బటన్ ఉండదు కాబట్టి, స్విచ్చును వెంటవెంటనే మూడు నుంచి ఐదుసార్లు వేసి ఆర్పితే బల్బు పాత వైఫై వివరాలు మరచిపోయి కొత్తగా జతకావడానికి సిద్ధం కావాలని తయారీదారులు ఏర్పాటు చేశారు. గాలివానలో కరెంటు ఆడే ఆటను కూడా బల్బు అలాగే అర్థం చేసుకుంటుంది. మరునాడు బల్బు వేగంగా మిణుకుమిణుకుమంటూ కనిపిస్తే అది చెడిపోయిందని పారేయవద్దు. అది జతకోసం ఎదురుచూస్తోంది, యాప్‌లో మళ్లీ కలుపుకుంటే చాలు. గాలివాన మొదలవగానే గోడ స్విచ్చు ఆర్పేసి, కరెంటు నిలబడ్డాక వేస్తే ఈ అవస్థ ఉండదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు మరొక చిక్కు ఉంది. బల్బు, ప్లగ్ కొన్ని క్షణాల్లో లేచి రూటర్ కోసం వెతుకుతాయి. రూటరు, ఫైబర్ డబ్బా పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మంచి వస్తువులు పట్టు వదలకుండా వెతుకుతూనే ఉంటాయి. కొన్ని చవక వస్తువులు కొంతసేపు ప్రయత్నించి ఊరుకుంటాయి. అలాంటివాటిని రూటర్ లేచాక ఒకసారి ఆర్పి వేస్తే సరిపోతుంది. దీనికి శాశ్వత పరిష్కారం రూటర్‌కూ ఫైబర్ డబ్బాకూ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టడం. ఇవి ఎక్కువగా 12 వోల్టులతో నడిచేవే కాబట్టి వీటికోసమే తయారైన చిన్న డబ్బాలు మార్కెట్లో దొరుకుతున్నాయి. కొనేముందు అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు, పిన్ను పరిమాణం సరిచూసుకోవాలి.

అడాప్టరు గురించి ఇంకొక మాట. రూటర్ లైట్లన్నీ వెలుగుతున్నా వైఫై మాటిమాటికీ తెగుతుంటే చాలాసార్లు తప్పు అడాప్టరుదే. ఏళ్ల తరబడి వేడిలో ఉంటే దానిలోని కెపాసిటర్లు అనే భాగాలు ఎండిపోయి, రూటర్‌కు ఎక్కువ కరెంటు కావలసినప్పుడు అది చాలినంత ఇవ్వలేకపోతుంది. వేడి రూటర్‌ను కూడా దెబ్బతీస్తుంది. ఇళ్లలో వాడే చాలా రూటర్లను 0 నుంచి 40 డిగ్రీల మధ్య నడవడానికి తయారు చేస్తారు. మే నెలలో కర్నూలు, కడపల్లో బయటి వేడే 40 దాటుతుంది. టీవీ కింద అద్దాల తలుపున్న అరలో, సెట్‌టాప్ బాక్సు మీద ఎక్కించి పెట్టిన రూటర్ దగ్గర అది ఇంకా ఎక్కువే ఉంటుంది. మధ్యాహ్నాలు తెగి రాత్రిళ్లు బాగుండే ఇంట్లో ముందుగా రూటర్‌ను ఆ అరలో నుంచి బయటికి తీయాలి.

గోడలు, బండలు, నీళ్లు

స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లు, స్విచ్చుల్లో అధిక భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే వాడగలవు. రూటర్ వాడే రెండో బ్యాండు (తరంగాల పట్టీ) అయిన 5 గిగాహెర్ట్జ్ వాటికి వినిపించదు. 2.4 తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 తరంగానిది అందులో సగం కంటే తక్కువ. 5 వేగమైనదే కానీ గోడలు దాటడంలో బలహీనమైనది. అలాగని 2.4 ఏ గోడనైనా దాటుతుందనుకోకూడదు. మన పాత ఇళ్ల గోడలు రాతివి, మూరెడు మందం ఉన్నవి. కొత్త ఇళ్లలో ఇనుప చువ్వలు వేసిన స్లాబులు. అరలకూ అటకలకూ కడప బండలు, నేలకు తాడిపత్రి, బేతంచెర్ల బండలు. ఒక్క బండ అర వల్ల నష్టం కొద్దిగానే ఉంటుంది. రాతి గోడ, ఇనుప బీరువా, స్లాబు ఒకదాని తర్వాత ఒకటి అడ్డుపడితే సిగ్నల్‌లో మిగిలేది స్వల్పం.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. అది మైనస్ అంకెల్లో ఉంటుంది. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 చక్కటి సిగ్నల్, మైనస్ 67 వరకు నమ్మదగినది, మైనస్ 75 దాటితే తెగుతూ ఉంటుంది. ఈ కొలతలో 10 తగ్గడమంటే బలం పదో వంతుకు పడిపోవడం, కాబట్టి మైనస్ 67కూ మైనస్ 77కూ ఉన్న తేడా చూపుకు కనిపించేంత చిన్నది కాదు. కొన్ని యాప్‌లు వస్తువుకు అందుతున్న సిగ్నల్‌ను దాని సెట్టింగుల్లోనే చూపిస్తాయి. ఫోన్ గీతలను మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు. ఫోన్ యాంటెనా బల్బు యాంటెనా కంటే మెరుగైనది. పైగా వైఫై రెండు వైపులా నడవాల్సిన సంభాషణ. రూటర్ మాట వస్తువుకు వినిపించినా, వస్తువు బలహీనమైన గొంతు రూటర్ దాకా చేరకపోతే సంబంధం నిలవదు.

మిద్దె మీది మోటారు కంట్రోలర్ల విషయంలో రెండు సంగతులు గమనించాలి. నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకు అటు రూటరు, ఇటు కంట్రోలరు ఉంటే ట్యాంకు నిండినప్పుడు సిగ్నల్ పోయి, ఖాళీ అయినప్పుడు తిరిగి రావచ్చు. సరిగ్గా ఆపాల్సిన సమయంలోనే ఆజ్ఞ అందదన్న మాట. ఇంకా, వానకు తడవకుండా కంట్రోలర్‌ను ఇనుప పెట్టెలో బిగించి మూత వేస్తే వైఫైని మన చేతులతో మనమే మూసేసినట్టు; నీరు చొరని ప్లాస్టిక్ పెట్టె మేలు. గోడలోని స్విచ్చు బోర్డు వెనక ఉండే ఇనుప డబ్బా కూడా మూడు నాలుగు వైపుల నుంచి సిగ్నల్‌ను ఇలాగే అడ్డుకుంటుంది. ట్యాంకులో తేలే ఫ్లోట్ స్విచ్చును మాత్రం స్మార్ట్ కంట్రోలర్ వచ్చిందని తీసేయకూడదు. నెట్ లేకపోయినా మోటారును ఆపేది అదే. పెద్ద మోటారును మామూలు స్మార్ట్ ప్లగ్‌తో నేరుగా నడపకూడదు కూడా. బయలుదేరేటప్పటి కరెంటుకు ప్లగ్ లోపల కరెంటును కలిపి విడదీసే రిలే అతుక్కుపోతే యాప్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో తగిన కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చు) ఉండాలి.

రద్దీ సంగతి క్లుప్తంగా. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించారు, అందుకే పక్కింటి రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఆ బ్యాండులోని చిన్న భాగాలైన ఛానెళ్లలో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. రూటర్ సెట్టింగుల్లో ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు కుదించి, ఈ మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 12, 13 ఛానెళ్లు కొన్ని విదేశీ వస్తువులకు కనిపించవు.

మొదటిసారి కలిపేటప్పుడు

కొత్త వస్తువు జతకాకపోవడం విడి సమస్య. రూటర్ రెండు బ్యాండులకూ ఒకే పేరు పెట్టుకొని ఉంటే ఫోన్ 5లో కూర్చొని ఉంటుంది, బల్బు 2.4లో వెతుకుతుంది, కొన్ని యాప్‌లు ఈ తేడాను సర్దుకోలేవు. రూటర్ సెట్టింగుల్లో 2.4కు వేరే పేరు పెట్టడం, లేదా జతచేసేంతవరకు 5ను ఆపడం దీనికి మార్గం. వైఫై రక్షణ పద్ధతిని కొత్తదైన డబ్ల్యూపీఏ3కి మాత్రమే పరిమితం చేసి ఉంటే పాత చిప్‌లు లోపలికి రాలేవు. దాని ముందుతరమైన డబ్ల్యూపీఏ2ను, లేదా రెండూ కలిసిన పద్ధతిని ఎంచుకోవాలి. అయినా కుదరకపోతే చాలా యాప్‌లలో రెండో దారి ఉంటుంది: బల్బును నెమ్మదిగా మిణికే స్థితికి తెస్తే అది తన సొంత వైఫైని ప్రసారం చేస్తుంది, ఫోన్‌ను దానికి కలిపి ఇంటి పాస్‌వర్డ్ అందించాలి. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఆ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ ‘నెట్ లేదు’ అని తనంతట తాను మొబైల్ డేటాకు మారిపోతుంది, జత మధ్యలో తెగుతుంది. ఆ రెండు నిమిషాలు మొబైల్ డేటా ఆపి ఉంచాలి.

ఇంటర్నెట్ కంపెనీ మారినప్పుడో, రూటర్ మార్చినప్పుడో ఇల్లంతా తిరిగి ఇరవై వస్తువులను మళ్లీ జతచేసే శ్రమ అనవసరం. కొత్త రూటర్‌కు పాత పేరే, పాత పాస్‌వర్డే, ఒక్క అక్షరం తేడా లేకుండా, పాత రక్షణ పద్ధతితోనే పెడితే చాలావరకు వస్తువులు తామే వచ్చి కలుస్తాయి. వాటికి తెలిసింది ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ మాత్రమే.

సిగ్నల్ చాలడం లేదని రెండో రూటర్ పెట్టుకున్న ఇళ్లలో మరొక రకం చిక్కు వస్తుంది. ఫైబర్ డబ్బా కూడా, కొత్త రూటర్ కూడా తమంతట తామే అన్ని పరికరాలకూ ఐపీ చిరునామాలు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే అంకెలు) పంచుతుంటే, ఇల్లు రెండు నెట్‌వర్కులుగా చీలుతుంది, లేదా చిరునామాలు గందరగోళమవుతాయి. రెండోదాన్ని వైఫైని మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే చిరునామాలు పంచే పని ఒక్కదాని దగ్గరే ఉంటుంది. అతిథుల కోసం విడిగా ఉంచే గెస్ట్ నెట్‌వర్క్‌లో కలిపిన వస్తువులకు ఇంటి ఫోన్లతో నేరుగా మాట్లాడే వీలు సాధారణంగా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేర్వేరు కంపెనీల వస్తువులు కలిసి పనిచేయడానికి 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణపు వస్తువులైతే ఇంటి లోపలి సంభాషణకు ఐపీవీ6 అనే కొత్త చిరునామా పద్ధతి మీద ఆధారపడతాయి; ఎవరో చెప్పారని రూటర్‌లో దాన్ని ఆపి ఉంటే అవి కనిపించకుండా పోవచ్చు.

ఇంటి బయటి లంకెలు

ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అని రాసిన ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు సంకేతం ఇంటిదాకా రావడం లేదని అర్థం. మన ఊళ్లలో ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. చెట్టు కొమ్మ పడినా, లారీ ఎత్తుకు తగిలినా తెగుతుంది. ఇంటి లోపల బీరువాను గోడకు ఆనించి జరిపినప్పుడు పసుపు ఫైబర్ తీగ బాగా వంగినా వెలుతురు దారితప్పుతుంది. ఆ తీగను ఊడదీసి కొనలోకి చూడకూడదు. అందులోని లేజర్ కంటికి కనిపించదు కానీ కంటికి హాని చేయగలదు. కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసేటప్పుడు ‘నెట్ రావడం లేదు’ అనకుండా ఏ లైటు ఏ రంగులో ఉందో, ఎప్పటి నుంచో చెబితే మనిషి సరైన సామగ్రితో వస్తాడు.

ఎర్ర లైటు లేదు, ఫోన్‌లో వీడియోలు వస్తున్నాయి, డీవీఆర్ (దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) కెమెరా మాత్రం బయటి నుంచి తెరుచుకోవడం లేదు అంటే కారణం వేరు. పాత పద్ధతి అయిన ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే బహిరంగ చిరునామా వెనక ఉంచుతున్నాయి. రూటర్ పేజీలో వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మన ఇల్లు అలాంటి వరుసలో ఉన్నట్టే. అప్పుడు బయటి పిలుపును ఇంట్లోని వస్తువుకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత జాగ్రత్తగా చేసినా బయటివారు ఇంటి తలుపు దాకా రాలేరు. కెమెరా కంపెనీ సర్వర్ మీదుగా నడిచే క్లౌడ్ పద్ధతిని వాడాలి, లేదా కొంత రుసుము కట్టి స్టాటిక్ ఐపీ (మన ఇంటికే కేటాయించిన, మారని చిరునామా) తీసుకోవాలి.

యాప్‌లో పనిచేస్తూ గొంతుతో చెబితే మాత్రం పనిచేయకపోతే వైఫైని ముట్టుకోవద్దు; అలెక్సాకో గూగుల్‌కో ఆ యాప్ ఖాతాను కలిపిన అనుమతి గడువు తీరి ఉంటుంది, దాన్ని తీసి మళ్లీ కలపాలి. సర్వర్ మూతపడితే మనం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ 2022 ఏప్రిల్‌లో ముందస్తు కబురు లేకుండా సర్వర్లు ఆపేసినప్పుడు దాన్ని నమ్ముకున్న ఇళ్లలో యాప్‌లు ఒక్కసారిగా మూగబోయాయి. కొనేటప్పుడే ‘నెట్ లేకపోయినా ఇంటి లోపల పనిచేస్తుందా?’ అని దుకాణంలో అడిగి తీసుకోవడం మంచిది.

ఇవన్నీ చూశాక కూడా ఒక్క వస్తువు మొండికేస్తే అప్పుడు రీసెట్ చేయవచ్చు, కానీ ఒక వరుస పాటించాలి. ముందు యాప్‌లో ఆ వస్తువుకు పెట్టుకున్న టైమర్లు రాసి ఉంచుకోవాలి, తర్వాత యాప్ నుంచి దాన్ని తొలగించాలి, ఆ తర్వాతే బటన్ నొక్కి పట్టుకోవాలి. చాలా కెమెరాలు, తాళాలు మొదట కలిపిన ఖాతాకే కట్టుబడి ఉంటాయి. ఆ ఖాతా నుంచి తీయకుండా వస్తువును మాత్రమే రీసెట్ చేస్తే మరొక ఫోన్‌లో అవి చేరవు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు బిగించిన వస్తువులను మన ఖాతాలో నుంచి తీసి అప్పగించాలి. అద్దెకు దిగేవారు పాత అద్దెదారు ఖాతాలో నుంచి అవి తొలగినట్టు తాళాలు తీసుకునే రోజే సరిచూసుకోవాలి, కెమెరా ఉన్న ఇంట్లో అయితే మరీ ముఖ్యంగా.